బయటి గడియ

జులై 14, సోమవారం

షీల్డు మళ్ళీ ఏడు-బికే వెళ్ళింది. వాళ్ళు ఆరో క్లాసులో ఉన్నప్పటి నుంచి వరసగా ఐదోసారి. నెలంతా ఫిర్యాదుల పెట్టెలో ఒక్క చీటీ కూడా వెయ్యని తరగతికి ఇచ్చే షీల్డు అది. ప్రిన్సిపాల్ దాన్ని చెమట తుడుచుకునే చేతిరుమాలుతో తుడిచి ఇచ్చాడు. తర్వాత అదే రుమాలు ముఖానికి పెట్టుకున్నాడు. స్టాఫ్‌రూమ్‌లో ఆయన్ని నవ్వుల సారు అంటారు. మనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నప్పుడు కూడా ఆ నవ్వు చెదరదు. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను, ఆ పళ్ళు కనబడితే ఇప్పటికీ చూపు పక్కకి తిప్పుకుంటాను.

షీల్డు ఆలోచన మాత్రం నాదే, మూడేళ్ళ కిందటిది. అంతకుముందు పెట్టె పొంగిపొర్లేది. నా రబ్బరు తీసుకున్నాడు, నన్ను పొట్టిదంది, నా పక్కన కూర్చోనంటోంది. చదవలేక ప్రాణం విసిగిపోయేది. షీల్డు పెట్టిన రెండు నెలలకే పెట్టె ఖాళీ అయింది. పిల్లలు వాళ్ళలో వాళ్ళే సర్దుకుంటున్నారని తల్లిదండ్రుల మీటింగులో నాకు చప్పట్లు కొట్టారు. వైస్ ప్రిన్సిపాల్ అయింది కూడా ఆ ఏడే.

వచ్చే నెల మొదట్లో తనిఖీ వాళ్ళు వస్తారు. పిల్లల భద్రత ఫైలు నాది, పెట్టె తాళంచెవీ నాదే. ఈసారి రెండు చీటీలు పడ్డాయి. ఒకటి ఏదో గడియ గురించి, ఇంకొకటి అర్థం కాలేదు. రెంటికీ పేరూ లేదు, రోల్ నంబరూ లేదు. పేరు లేనిది ఫిర్యాదు కింద లెక్కలోకి రాదు. చించేశాను.

జులై 17, గురువారం

ఆయమ్మ చీపురు చేత్తో పట్టుకునే నా గదిలోకి వచ్చింది. ఆ చీపురు నీళ్ళు చాప మీద కారుతున్నాయి.

"అమ్మా, పైన ఆడపిల్లల బాత్రూములకి లోపల గడియలు ఎప్పుడు పెట్టిస్తారు?"

"ఫైలు కదులుతోంది ఆయమ్మా."

"ఏడాదిన్నర నుంచి కదులుతూనే ఉంది. నడిచి వెళ్ళినా ఈపాటికి ఊరు దాటేది."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల వాళ్ళు క్లాసులు ఎగ్గొట్టి బాత్రూముల్లో దాక్కుంటున్నారని అప్పట్లో నవ్వుల సారు లోపలి గడియలన్నీ పీకించి, పరీక్షలప్పుడు మూసెయ్యడానికి వీలుగా బయటి వైపు గడియలు పెట్టించాడు. అలాంటి బుద్ధి ఆయనకే పుడుతుంది. ఆ కాగితం మీద నేను కూడా సంతకం పెట్టినట్టున్నాను. సరిగ్గా గుర్తులేదు.

జులై 21, సోమవారం

స్టాఫ్‌రూమ్ టేబుల్ మీద బిస్కెట్ పొడి, దాని చుట్టూ చీమలు, వాటి పక్కనే పిల్లల నోటుబుక్కులు. మూడు రోజులుగా ఎవరూ తుడవలేదు. నేనూ తుడవలేదు.

జులై 24, గురువారం

ప్రార్థనలో ఏడు-బి పిల్ల ఒకర్తి కూలబడిపోయింది. సన్నగా, చెవులు కాస్త పెద్దగా ఉండే పిల్ల. షీల్డు తీసుకోవడానికి ప్రతిసారీ లీడర్ వెనకాల వస్తుంది. ముట్టుకుంటే ఒళ్ళు పెనంలా ఉంది.

వాళ్ళ క్లాస్ టీచరు, మా లెక్కల మేడం, ఉన్నచోటు నుంచి కదల్లేదు. "పొద్దున ఏమీ తినకుండా వచ్చి ఉంటుందండీ. సన్నబడాలని ఈ కాలం పిల్లలకి ఒకటే పిచ్చి," అంది. ఆ పిల్లకి పన్నెండేళ్ళు. సన్నబడడానికి ఒంట్లో ఏముందని.

నా కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మూత్రపిండాల దాకా పాకిన ఇన్‌ఫెక్షన్ అట, వారం రోజులైనా ఉంచాలంది డాక్టరు. చిన్న వయసే గానీ మాట కరుకు.

"స్కూల్లో బాత్రూముకి వెళ్తుందా ఈ అమ్మాయి?"

"వెళ్తుంది. మా దగ్గర చాలా శుభ్రంగా ఉంటాయి," అన్నాను. ఇంకేమంటాను? పిల్లలు ఎప్పుడు వెళ్ళారో, ఎప్పుడు రాలేదో నేను కాపలా కాస్తానా?

అంతలో పిల్ల తల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. బట్టలు కుడుతుంది. భుజం మీద ఎర్ర దారం ముక్కలు అలాగే ఉన్నాయి. "నీళ్ళ సీసా పొద్దున ఎలా ఇస్తే సాయంత్రం అలాగే తెస్తుంది మేడం. అడిగితే మర్చిపోయానంటుంది. మీరుండబట్టి సరిపోయింది," అని నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు ఒకలాంటి వెగటు పుట్టింది. ఆవిడ మీద కాదు. ఎవరి మీదో తెలియదు.

జులై 25, శుక్రవారం

నవ్వుల సారు పిలిపించాడు. ఫైలు తిరగేస్తున్నాడు, పేజీకోసారి వేలు నాలుక మీద పెట్టుకుంటూ. నేను మూడు వారాలు కూర్చుని సర్దిన ఫైలు ఆయన ఉమ్ముతో తడిసింది.

"చిన్న లెటరు కావాలి మేడం. అమ్మాయికి ముందు నుంచీ ఆ జబ్బుందనీ, బడికీ దీనికీ ఏ సంబంధం లేదనీ. వాళ్ళమ్మ సంతకం చేస్తే చాలు. తనిఖీలో ఎవరైనా అడిగితే మన చేతిలో ఉండాలి కదా."

"ముందు నుంచీ ఉందని మనకెలా తెలుసు సార్?"

"లేదని తెలుసా?" అని నవ్వాడు. "మార్చిలో నేను రిటైరవుతున్నాను. ఈ కుర్చీకి ఎవరి పేరు చెప్పానో మీకు తెలుసు."

తెలుసు.

జులై 26, శనివారం

లెటరు నేనే రాశాను. ఆయన రాస్తే తప్పులుంటాయి.

ఆసుపత్రి వరండాలో ఆ తల్లికి ఇచ్చాను. చదవలేదు. చదవడం రాక కాదు. "మీరు తెచ్చారంటే ఇక చదివేదేముంది మేడం," అని గోడకి ఆనించి సంతకం పెట్టింది. ఇది మామూలుగా జరిగే పనే, ఏ బడిలోనైనా ఉంటుంది, రేపు ఆసుపత్రి బిల్లు విషయంలో ఆవిడకే పనికొస్తుంది. ఎలా పనికొస్తుందో ఇంకా ఆలోచించలేదు.

భోజనాల దగ్గర అత్తయ్యకి చెప్పాను, లెటరు సంగతి కాదు, జబ్బు సంగతి. ఆవిడ ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది. ఆవిడ దగ్గర నోరు విప్పడమే నా పొరపాటు.

"ఆపుకుంటే వస్తుంది అమ్మాయ్, అది. నీళ్ళు తాగకపోతే వస్తుంది. లారీ డ్రైవర్లకి చూశాను, కొట్లలో పనిచేసే ఆడవాళ్ళకి చూశాను. చదువుకునే పిల్లకి ఏం ఖర్మ? ఎవరు ఆపుకోమన్నారు దాన్ని?"

"ఎవరూ అనలేదత్తయ్యా."

ఆవిడ నా కంచం వైపు చూసింది. నేను సగంలో లేచిపోయాను.

జులై 27, ఆదివారం

ఎవరూ అనలేదు.

జులై 29, మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళాను. ఫైలు కోసం కాదు, ఊరికే. తల్లి మందులకి కిందికి వెళ్ళింది. పిల్ల నన్ను చూసి లేచి నిలబడబోయింది, చేతికి సెలైన్ గొట్టంతో సహా. కూర్చోమన్నాను.

"నీళ్ళెందుకు తాగట్లేదు?"

"తాగుతున్నాను మేడం."

"బళ్ళో?"

దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"నీళ్ళు తాగితే వెళ్ళాలనిపిస్తుంది మేడం."

"వెళ్ళచ్చుగా?"

"బయట గడియ పెడతారు."

ఎవరు పెడతారని అడిగాను. అటుగా వెళ్ళేవాళ్ళు ఎవరైనా పెడతారట. పెద్ద క్లాసుల వాళ్ళు, తన క్లాసు వాళ్ళు కూడా. అదొక ఆట. "నేనూ ఒకసారి పెట్టాను మేడం, ఆరో క్లాసమ్మాయికి. వెంటనే తీసేశాను," అంది. ఒకరోజు తనకి గడియ పెట్టి, బెల్లు కొట్టగానే పారిపోయారట. రెండు పీరియడ్లు లోపలే ఉంది. తలుపు కొట్టింది, ఎవరికీ వినబడలేదు. ఆయమ్మ వచ్చి తీసింది. క్లాసుకి వెళ్తే లెక్కల మేడం ఎక్కడ తిరిగొచ్చావని బెంచీ ఎక్కించింది.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

నావైపు జాలిగా చూసింది. అంత చిన్న విషయం నాకు తెలియదా అన్నట్టు.

"చెప్తే షీల్డు పోతుంది కదా మేడం. అందరూ నావల్లే పోయిందంటారు. పోయినేడాది ఏడు-ఏలో ఒకమ్మాయి వేస్తే దాంతో ఎవరూ మాట్లాడలేదు, వేరే స్కూలుకి వెళ్ళిపోయింది." దుప్పటి అంచు వదిలేసి, "అందుకే నేను పేరు రాయకుండా వేశాను. గడియ గురించి. మీరు చదవలేదేమో."

చదవలేదమ్మా అన్నాను.

అబద్ధం కూడా ఎంత సునాయాసంగా వచ్చింది నా నోట్లోంచి. ఆ నవ్వు ముఖాన్ని చూసి రోత పడతాను. ఆయన కనీసం నవ్వుతాడు.

జులై 30, బుధవారం

ఇంటర్వెల్ అయ్యాక పై అంతస్తుకి వెళ్ళాను. వైస్ ప్రిన్సిపాల్ అయ్యాక ఆ బాత్రూముల్లో నేను అడుగు పెట్టడం ఇదే మొదలు. మాకు కింద వేరే ఉంది, తాళం ఉన్నది.

మూడో తలుపు తోసి లోపలికి వెళ్ళాను. లోపల గడియ ఉండాల్సిన చోట నాలుగు మేకు బెజ్జాలు. వాటిలో ఎవరో నమిలిన చూయింగ్ గమ్ కుక్కారు. నేల మీద నీళ్ళో ఏవో పాదాలు మునిగేంత. గోడ మీద పెన్సిలుతో గీతలు, నాలుగేసి నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. ఎవరో అక్కడ కూర్చుని లెక్కపెట్టుకున్నారు. వాసనకి చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. పన్నెండేళ్ళ పిల్లలు పీల్చే గాలి నేను రెండు నిమిషాలు పీల్చలేకపోయాను.

అప్పుడు బయట అడుగుల చప్పుడు. కిసుక్కున నవ్వు. టక్కున గడియ పడింది.

తోశాను, రాలేదు. తలుపు మీద కొట్టాను, గట్టిగా కాదు. అరవచ్చు. నా గొంతు వింటే ఆ అంతస్తు అంతస్తంతా పరుగెత్తుకొచ్చేది. అరవలేదు. వైస్ ప్రిన్సిపాల్ బాత్రూములో ఇరుక్కుపోయిందని స్టాఫ్‌రూమ్‌లో ఎన్నాళ్ళు చెప్పుకుని నవ్వుతారో నాకు తెలుసు. నలభై ఏడేళ్ళదాన్ని, చెయ్యెత్తితే వెయ్యి మంది పిల్లలు నోరు మూసుకుంటారు, అయినా కిమ్మనకుండా కొంగు ముక్కుకి పెట్టుకుని నిలబడ్డాను.

పావుగంటకి ఆయమ్మ తీసింది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"ఇవాళ మీరా అమ్మా," అంది. "పాదాలు కడుక్కోండి, నీళ్ళు పోస్తాను."

జులై 31, గురువారం

గడియల కాగితం వెతికి చూశాను. నా సంతకం ఉంది. ప్రిన్సిపాల్ సంతకం కన్నా పైన, ఆయన కన్నా ముందు తేదీతో. అడిగింది నేనే. పిల్లలు దాక్కుంటున్నారని ఆయనకి రాసింది నేనే.

ఆగస్టు 1, శుక్రవారం

నవ్వుల సారుకి అంతా చెప్పాను. ఆ పిల్ల పేరు చెప్పలేదు, ఆయనకి ఎలాగూ తెలుసు. నాకు గడియ పెట్టిన సంగతి చెబితే పగలబడి నవ్వాడు. మొట్టమొదటిసారి నిజంగా నవ్వాడనుకుంటా.

"అయితే గడియలు పెట్టిద్దాం. తనిఖీ అయ్యాక."

"సార్, మూడేళ్ళుగా పిల్లలు మనకి ఒక్క మాట చెప్పలేదు."

"చెప్పేదేమీ లేదు కాబట్టే కదా. ఆ సున్నాని చూసే కదా మేడం, తనిఖీ వాళ్ళు మన బడిని మిగతా బడులకి నమూనాగా చూపించాలనుకుంటున్నారు. మీరు కట్టిన గోడ మీరే పడగొడతారా?"

ఫైలు తీసుకుని వచ్చేశాను. సోమవారమే తనిఖీ. ఇన్నేళ్ళు ఆగినవాళ్ళం ఇంకో మూడు రోజులు ఆగితే ఏం పోతుందిలే అనుకున్నాను. ఇది రాస్తుంటేనే కలం పారెయ్యాలనిపిస్తోంది.

ఆగస్టు 4, సోమవారం

అయిపోయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

ఇద్దరొచ్చారు, ఒక పెద్దావిడ, ఫైళ్ళు మోసే ఒకాయన. ముందు ఏడు-బికే తీసుకెళ్ళాడు నవ్వుల సారు. గోడకి షీల్డు. మూల బెంచీలో ఒక ఖాళీ. పెద్దావిడ అడిగింది, "బళ్ళో మీకేమైనా ఇబ్బందులున్నాయా?"

"లేవు మేడం," అని నలభై గొంతులు, ఒక్కటే రాగం. నేర్పింది లెక్కల మేడం. నేర్పమంది నేను. ఆ రాగం వింటే నాకు ఒళ్ళంతా పురుగు పాకినట్టయింది. ఒక్కరైనా తడబడతారేమోనని చూశాను. అందరూ షీల్డు వైపే చూస్తున్నారు.

కింద గదిలో ఫైలు తెరిచి ఆవిడ నన్ను మెచ్చుకుంది. "ఫిర్యాదులు సున్నా. ఇంత చక్కటి వాతావరణం ఎలా తెచ్చారో కాస్త వివరంగా చెప్పండి, రాసుకుంటాను," అని కలం తీసింది.

ఎలా తెచ్చానో చెప్పాను.

చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆగలేకపోయాను. షీల్డు, పేర్లు లేని చీటీలు, చించిన చీటీలు, గడియలు, ఎవరి సంతకం ముందుందో, అన్నీ. ఫైల్లోంచి ఆ తల్లి లెటరు బయటికి తీసి, "ఇది అబద్ధం. నేనే రాసి సంతకం పెట్టించాను," అన్నాను. నవ్వుల సారు ముఖం మీద నవ్వు అలాగే ఉంది గానీ చేతిరుమాలు బయటికొచ్చింది.

"మేడానికి ఈమధ్య ఒంట్లో బాగుండడం లేదు," అన్నాడు.

పెద్దావిడ నన్నే చూస్తోంది. "ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు చెప్పండి. పేరు లేకపోతే నేను రాసుకోలేను," అంది.

అదే మాట. నేను మూడేళ్ళు అన్న మాట, నా గొంతుతోనే అన్నట్టుంది.

"నా పేరు రాసుకోండి. నాకు కూడా గడియ పెట్టారు," అన్నాను. "రండి, పైకెళ్దాం." ఆవిడ వచ్చింది. మూడో తలుపు దాకా వచ్చి కొంగు ముక్కుకి పెట్టుకుంది.

ఆగస్టు 6, బుధవారం

నిన్న ఒక్క రోజులో అన్ని తలుపులకీ లోపల గడియలు పడ్డాయి, బయటివి ఊడాయి. వడ్రంగికి పట్టింది మూడు గంటలు. ఏడాదిన్నర ఫైలు కదిలింది మూడు గంటల పని కోసం.

ఇవాళ ప్రార్థనలో షీల్డు తీసేస్తున్నానని చెప్పాను. పేరు లేకపోయినా ప్రతి చీటీ చదువుతాననీ, దానికి ఏం చేశానో వారంవారం అక్కడే నిలబడి చెబుతాననీ చెప్పాను. పాత చీటీలు చించింది నేనేనని కూడా చెప్పాను. వెయ్యి మంది పిల్లలూ వరసలు కట్టి క్లాసులకి వెళ్ళిపోయారు. లెక్కల మేడం నాతో మాట్లాడడం మానేసింది. మార్చి కుర్చీ సంగతి ఇక ఎవరూ ఎత్తరు. సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది, చివర్లో నవ్వుల సారు గుండ్రటి సంతకం.

ఆగస్టు 8, శుక్రవారం

పెట్టె తెరిచాను. ఏమీ లేదు.

ఆగస్టు 11, సోమవారం

పిల్ల తల్లి ఫోన్ చేసింది. ఇంటికి తెచ్చి నాలుగు రోజులైందట. "బడికి పంపమంటారా మేడం? మీరు ఊఁ అంటే పంపుతాను. అది మాత్రం వెళ్ళనంటోంది."

ఊఁ అనలేకపోయాను. లెటర్లో ఏముందో చెప్పాను. చించేసిన చీటీ సంగతీ చెప్పాను. అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

"మిమ్మల్ని చూసి పెట్టాను మేడం ఆ సంతకం," అంది. గొంతు పెంచి ఉంటే బాగుండేది. పెంచలేదు. ఫోన్ పెట్టేసింది.

ఆగస్టు 13, బుధవారం

నిన్నటి నుంచి ఇంటర్వెల్లో పై అంతస్తు బాత్రూముల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. ఎవరైనా పిచ్చి వేషాలు వేస్తే నా కళ్ళ ముందే వెయ్యాలి. కొత్త గడియలు మెరుస్తున్నాయి, ఆయమ్మ ఫినాయిలు పోసి కడుగుతోంది, ఇప్పుడు ముక్కు మూసుకోనక్కర్లేదు. నిన్న ఎవరూ రాలేదు. కొత్త కదా అనుకున్నాను. ఇవాళా రాలేదు. ఇద్దరు ఆరో క్లాసు పిల్లలు మలుపు దాకా వచ్చి, నన్ను చూసి, వెనక్కి తిరిగి పరుగెత్తారు.

ఆగస్టు 14, గురువారం

ఇవాళ కూడా అంతే. పది నిమిషాలు గడిచాయి. ఆయమ్మ చీపురు గోడకి ఆనించి నా దగ్గరికొచ్చింది.

"ఒక మాటంటే ఏమీ అనుకోకండమ్మా."

"చెప్పు."

"మీరు లేస్తే గానీ పిల్లలు లోపలికి వెళ్ళరు."

ఆవిడ ముఖంలోకి చూశాను, వెటకారం ఉందేమోనని. లేదు. లేచి కుర్చీ ఆవిడ వైపు జరిపాను. వద్దు వద్దంటూనే అంచు మీద కూర్చుంది. నేను కిందికి దిగి, మెట్ల మలుపులో గోడకి ఆనుకుని నిలబడ్డాను. బయటి గడియలు ఊడదీయించాక కూడా ఆ తలుపుల ముందు ఒకటి మిగిలింది, అది నేను.

ముందు ఒకర్తి వచ్చింది. ఆయమ్మతో ఏదో అంది, ఆయమ్మ దాని జుట్టు రిబ్బను సరిచేసింది. తర్వాత ముగ్గురు. తర్వాత గుంపుగా. లోపల గడియలు పడుతున్న చప్పుడు, నీళ్ళ చప్పుడు, గోల. బెల్లు కొట్టేలోపు పదిహేడు మంది. ఒక పిల్ల ఆయమ్మ చెవిలో చాలాసేపు ఏదో చెప్పింది, ఆయమ్మ తలూపుతూ వింది. ఏం చెప్పిందో నేను అడగలేదు. అడిగితే ఆ పిల్ల మళ్ళీ చెప్పదు.

సాయంత్రం నేనే ఫోన్ చేశాను. ఆ తల్లి ఎత్తదనుకున్నాను, ఎత్తింది.

"సోమవారం నుంచి పంపండి," అన్నాను. "బళ్ళో ఏదైనా అయితే ఆయమ్మకి చెప్పమనండి."

"మీకు కాదా?"

"నాకు ఇప్పుడే వద్దు," అన్నాను.